విశాఖలో రెండు రోజులు: ఏ తీరానికి వెళ్లాలి, ఎక్కడ తినాలి, దేన్ని వదులుకోవాలి

విశాఖపట్నం గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒకవైపు సముద్రం, మరోవైపు తూర్పు కనుమల కొండలు నొక్కిపట్టి ఉంచగా, దక్షిణాన యారాడ నుంచి ఉత్తరాన భీమిలి దాకా తీరం వెంబడి దాదాపు 40 కిలోమీటర్లు పొడవుగా సాగిన ఊరు. రెండు రోజుల కోసం వచ్చేవారికి ఎదురయ్యే చిక్కంతా ఈ పొడవులోనే ఉంది. ఉదయం కైలాసగిరి, మధ్యాహ్నం యారాడ, సాయంత్రం భీమిలి అని కాగితం మీద రాసుకొని బయలుదేరిన కుటుంబాలు రోజులో సగం వాహనంలోనే గడిపి, దారిలో దొరికినదేదో తిని, విసిగిపోయి బసకు చేరడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల ఇక్కడ ఒక్కొక్క స్థలాన్ని విడిగా తీసుకోకుండా, తీరాన్ని నాలుగు భాగాలుగా చేసి, ప్రతి భాగాన్నీ ఒక పూట తిరుగుడుగా, దానికి దగ్గరలో దొరికే తిండితో కలిపి పోలుస్తున్నాను. పూటకు ఒక్క భాగానికి మించి పెట్టుకోవద్దన్నది నా మొదటి సలహా. మిగిలిన సలహాలన్నీ దాని మీద ఆధారపడినవే.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది సూర్యుడు ఎటున్నాడన్నది. ఇది తూర్పు తీరం కనుక ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, కొండల వెనక్కి దిగిపోతాడు. సముద్రం మీద సూర్యాస్తమయాన్ని చూడాలని సాయంత్రం బీచ్‌కు వచ్చేవారికి ఆశాభంగం తప్పదు. నీటి మీద వెలుగును చూడాలనుకుంటే తెల్లవారుజామున లేచి తీరానికి వెళ్లాలి. అస్తమయ కాంతిలో ఊరంతటినీ చూడాలనుకుంటే సాయంత్రం కొండ ఎక్కాలి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం ప్రణాళిక దానంతట అదే కుదురుతుంది.

రెండవది, మీతో వచ్చేవారి కాళ్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, చంకనెత్తుకోవలసిన పిల్లలు ఉన్నప్పుడు మెట్లు, ఇసుకలో నడక, నీడ లేని కొండలు ఎంత అందమైనవైనా భారమే అవుతాయి. మూడవది, సముద్రాన్ని చూస్తే చాలునా, నీటిలోకి దిగాలా అన్నది. విశాఖ తీరంలో చాలాచోట్ల అడుగుల్లోనే లోతు పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఏటా ఎవరో ఒకరు, చాలావరకు ఈత వచ్చిన యువకులే, ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అందుచేత స్నానం చేయాలన్న కోరిక ఉన్నవారికి ఎంపిక బాగా తగ్గిపోతుంది. నాలుగవది వాహనం. ఉత్తరం వైపు వెళ్లడానికి సిటీ బస్సులు ఉన్నాయి, దక్షిణం వైపు యారాడకు మాత్రం సొంత వాహనమో అద్దె వాహనమో ఉండితీరాలి.

ఐదవది నెల. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి హాయిగా ఉంటుంది, కాకపోతే అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ ఊరి మీదనే. మే నెలలో వేడి కన్నా ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. నెలకూ చేపకూ ఉన్న సంబంధాన్ని తిండి దగ్గర చెబుతాను. వేసవి సెలవుల్లో వచ్చేవారు దాన్ని తప్పక చదవాలి.

| తీర భాగం | అనువైన వేళ | నడక, ఎక్కుడు | నీటిలోకి దిగవచ్చా | దగ్గరలో తిండి | వాహనం |
|---|---|---|---|---|---|
| ఆర్కే బీచ్, పాత ఊరు | తెల్లవారుజాము లేదా సాయంత్రం | చదును నేల, జలాంతర్గామిలో మాత్రం ఇరుకు | వద్దు | అన్ని రకాలూ | ఆటో చాలు |
| కైలాసగిరి, రుషికొండ | తీరానికి ఉదయం, కొండకు సాయంత్రం | రోప్‌వే ఉంది | రుషికొండలో రక్షకులున్న చోట | ఫరవాలేదు | బస్సు, ఆటో |
| తొట్లకొండ, భీమిలి | ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు | కొద్ది నడక, నీడ తక్కువ | వద్దు | చేపల కూరలు, ధాబాలు | అద్దె వాహనం మేలు, బస్సు ఉంది |
| డాల్ఫిన్స్ నోస్, యారాడ | మధ్యాహ్నం తరువాత | ఘాట్ రోడ్డు, ఇసుకలో నడక | వద్దు | చాలా తక్కువ | సొంత లేదా అద్దె వాహనమే |

## ఆర్కే బీచ్, పాత ఊరు

ఒకే ఒక్క పూట ఉన్నవారు మరో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకోవచ్చు. రామకృష్ణా బీచ్ అసలు అందం ఉదయం వేళ కనిపిస్తుంది. తెల్లవారుజామున నడిచేవారి కోసం బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపుతారు కనుక రోడ్డు రోడ్డంతా మనుషులదే అవుతుంది. సాయంత్రం వచ్చేవారికి జనసందడి, చిరుతిండి, గాలి దొరుకుతాయి గానీ ఆ ప్రశాంతత దొరకదు.

ఇక్కడ తప్పక చూడవలసింది కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన ఈ నౌకను ఒడ్డుకు లాగి, 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో పడకలు, వంటగది, టార్పెడో గొట్టాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. నెలల తరబడి నావికులు అందులో ఎలా బతికారో పిల్లలకు మాటలతో చెప్పనక్కరలేదు, చూస్తేనే అర్థమవుతుంది. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లడానికి గుండ్రటి ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటవలసి ఉంటుంది కనుక మోకాళ్లు వంగనివారు, ఇరుకు చోట్లంటే భయపడేవారు లోపలికి పోకపోవడమే మంచిది. అటువంటివారికి రోడ్డుకు ఆవలి పక్కనే ఉన్న టీయూ-142 విమానం బాగుంటుంది. 29 ఏళ్లు సముద్రంపై నిఘా కాసిన ఆ విమానాన్ని 2017లో విరమింపజేసి, అదే ఏడాది డిసెంబరులో ప్రదర్శనకు ప్రారంభించారు. సోమవారం జలాంతర్గామిని చూడనివ్వరు. ఆదివారం, సోమవారం రెండు రోజులే ఉన్నవారు దీన్ని మొదటిరోజే చూసేయాలి.

అదే రోడ్డు మీద పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిన ఒక బాంబును అక్కడ భద్రపరిచారు. మన ఊళ్ల మీదకు కూడా రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిందని నేటి పిల్లలలో చాలామందికి తెలియదు. ఆ బాంబు ముందు ఒక్క నిమిషం నిలబెట్టి చెప్పదగిన విషయమిది.

పాత ఊరి గురించి యాత్రల పుస్తకాలు తక్కువ చెబుతాయి, నేను మాత్రం దాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు లేదు, ఆకాశమే కప్పు. భక్తులు ఎవరికి వారే అమ్మవారిని తాకి పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసపు గురువారాల్లో తప్ప మిగతా ఉదయాల్లో హాయిగా దర్శనమవుతుంది. అక్కడికి దగ్గరలోనే రేవు అంచున మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుని గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ అనే మూడవదాని మీద మేరీమాత చర్చి. రాస్ హిల్ పైకి వెళితే నౌకలు రేవులోకి ప్రవేశించే కాలువ సరిగ్గా కాళ్ల కింద ఉన్నట్టు కనిపిస్తుంది. బీచ్‌లో ఎంతసేపు కూర్చున్నా తెలియని ఓడరేవు జీవనం ఇక్కడ అర్ధగంటలో తెలుస్తుంది.

## కైలాసగిరి, రుషికొండ

పిల్లలతో వచ్చినవారికి ఇది అన్నిటికన్నా సులభమైన ఎంపిక. కైలాసగిరి పైకి రోప్‌వే ఉంది, రోడ్డూ ఉంది. పైన శివపార్వతుల పెద్ద విగ్రహాలు, చుట్టూ తిరిగే చిన్న రైలు ఉన్నాయి. వీటన్నిటి కన్నా విలువైనది అక్కడినుంచి కనిపించే తీరపు వంపు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ నుంచి ఉత్తరాన రుషికొండ వైపు దాకా ఊరు మొత్తం ఒక్క చూపులో పడుతుంది. సూర్యుడు కొండల వెనక్కి దిగే వేళకు అక్కడ ఉండి, దీపాలు వెలిగేదాకా ఆగి దిగితే చాలు. మధ్యాహ్నం ఎండలో ఎక్కితే ఆ కొండ మీద ప్రత్యేకత ఏమీ కనిపించదు.

శుభ్రంగా, సురక్షితంగా ఉండే తీరాలకు అంతర్జాతీయంగా ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది. స్నానానికి హద్దులు గీసిన చోటు, రక్షకులు, బట్టలు మార్చుకునే గదులు, నీటి ఆటలు ఉన్న తీరం ఇదే కనుక నీటిలోకి దిగాలనుకునేవారికి నేను మరొక చోటు పేరు చెప్పను. ఉదయం పెందలాడే వెళ్లండి. సెలవు రోజుల్లో పది దాటాక ఇసుక కన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

కైలాసగిరికి, రుషికొండకు మధ్య ఉన్న జూ పార్కు గురించి ఒక్క మాట. కంబాలకొండ అడవిని ఆనుకొని విశాలంగా ఉన్న ఆ పార్కుకు పిల్లలుంటే ఒక పూట పూర్తిగా కేటాయించాలి, మధ్యలో ఇరికించకూడదు. అది కూడా సోమవారం మూసి ఉంటుంది.

## తొట్లకొండ, భీమిలి

నాలుగింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. దానికి కారణం సముద్రం ఒక్కటే కాదు. ఈ దారిలో రెండు వేల ఏళ్ల చరిత్ర, నేల రంగు మారే వింత, చేపల తిండి వరుసగా ఎదురవుతాయి.

తొట్లకొండ మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్ల పాటు బౌద్ధ భిక్షువులు నివసించారు. వర్షపు నీటిని దాచుకోవడానికి వారు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళం విమానాల నుంచి సర్వే చేస్తుండగా బయటపడిన ఈ స్థలాన్ని 1988, 1993 మధ్య తవ్వారు. శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరకడాన్ని బట్టి, కింద కనిపించే ఈ సముద్రం మీదుగా ఎంత దూరం వర్తకం నడిచిందో ఊహించవచ్చు. స్తూపపు పునాదులు, భిక్షువుల గదుల వరుసలు, వాటి వెనక నీలి సముద్రం కలిసి కనిపించే ఆ దృశ్యం కోసం ఉదయం తొమ్మిదిలోగా పైకి చేరాలి. నీడ తక్కువ, తాగునీరు వెంట తీసుకుపోవాలి. బౌద్ధ స్థలాలపై గట్టి ఆసక్తి ఉన్నవారు దగ్గరలోని బావికొండను కూడా చూడవచ్చు, మిగతావారికి తొట్లకొండ ఒక్కటి చాలు.

కిందికి దిగాక మంగమారిపేట దగ్గర ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. సముద్రం ఆటులో ఉన్నప్పుడే దాని దగ్గరకు పోగలం, పోటు వేళ దూరం నుంచే చూడాలి. ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. గాలి, సముద్రం, వాన వేల ఏళ్లపాటు పేర్చి, కోసి చేసిన ఆ ఎర్ర ఇసుక లోయలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దయచేసి వాటి గోడలను ఎక్కవద్దు, పిల్లలను ఎక్కనివ్వవద్దు. రాయిలా కనిపించినా అది ఇసుకే. ఒకసారి జారిన అంచు మళ్లీ పుట్టదు.

భీమిలి అని పిలిచే భీమునిపట్నం చిన్న ఊరు. 1861లోనే పురపాలక సంఘమైన ఈ రేవులో డచ్చివారు వర్తకం చేశారు. తీరం దగ్గర వారి సమాధుల తోట, పాత దీపస్తంభం, ఊరి చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడవచ్చు. ఇక్కడి తీరంలో జనం తక్కువ, వలలు ఎండబెట్టిన పడవలు ఎక్కువ. రైల్వే స్టేషను నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి 900కె బస్సు నడుస్తుంది. ఒంటరిగా, తక్కువ ఖర్చుతో వచ్చినవారు కిటికీ పక్కన సీటు సంపాదిస్తే ఆ ప్రయాణమే ఒక చూపు. కానీ తొట్లకొండ పైకి బస్సు పోదు కనుక కుటుంబంతో వచ్చినవారు ఒక పూటకు కారు మాట్లాడుకోవడం మేలు.

## డాల్ఫిన్స్ నోస్, యారాడ

సింధియా మీదుగా రేవును చుట్టి, కొండ ఎక్కి అవతల దిగితే మూడు వైపులా పచ్చని కొండలు, ఒకవైపు సముద్రం ఉన్న యారాడ తీరం కనిపిస్తుంది. అందం మాటకు వస్తే ఊరిలో దీనికి సాటి లేదు. వచ్చిన చిక్కు ఏమిటంటే, రానుపోను చాలా సమయం పడుతుంది, తిండి పెద్దగా దొరకదు, నీరు మోసపూరితమైనది. డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభాన్ని సాయంత్రం కొద్దిసేపే చూడనిస్తారు. ఆ కొండ నౌకాదళ ప్రాంతం కనుక గుర్తింపు కార్డు వెంట ఉండాలి. కొత్తగా పెళ్లయిన జంటలకు, ఫొటోలు తీసేవారికి, ఇదివరకు విశాఖను చూసినవారికి ఇది తగిన ఎంపిక. మొదటిసారి రెండు రోజులకే వచ్చి, పిల్లలూ పెద్దలూ వెంట ఉన్నవారు మాత్రం దీన్ని మరోసారికి అట్టిపెట్టుకోవాలి.

## చేప తినాలనుకునేవారికి

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తీరపు ఊరికి వచ్చి మంచి చేప తినకుండా తిరిగిపోయేవారే ఎక్కువ. దానికి మొదటి కారణం, సముద్రం కనిపించే బల్ల దగ్గర మంచి చేప కూడా ఉంటుందన్న నమ్మకం. ఆ బల్ల దగ్గర మీరు డబ్బు ఇచ్చేది గాలికీ దృశ్యానికీ. చేప సంగతి వంటవాడు ఎవరు, ఆ వేళ ఎంత సరుకు కదులుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుచేత సముద్రాన్ని ఉదయమో సాయంత్రమో చూసి, మధ్యాహ్నం భోజనం మాత్రం ఊరి లోపల, జనం వరుస కట్టి తినే భోజనశాలలో చేయండి. మధ్యాహ్నం వండిన పులుసు మధ్యాహ్నమే అయిపోయే చోటే తాజాగా ఉంటుంది.

రెండవ కారణం నెల. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటను నిషేధిస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమది, నిషేధం చాలా అవసరమైనది. సరిగ్గా ఆ రోజుల్లోనే వేసవి సెలవులకు కుటుంబాలు విశాఖకు వస్తాయి. ఒక మే నెలలో తీరం పక్కన ఒక హోటల్లో నేను వంజరం వేపుడు అడిగాను. వచ్చిన ముక్క పీచుపీచుగా, నీరు కారుతూ ఉంది. మంచులో ఎన్నాళ్లు ఉందో తెలియని చేప అది. ఆ కాలంలో వచ్చేవారు పెద్ద సముద్రపు చేపల జోలికి పోకుండా, నాటు పడవలవారు ఒడ్డుకు దగ్గరగా పట్టే చిన్న చేపలను గాని, చెరువుల్లో పెంచే రొయ్యలను గాని తీసుకోవాలి. వర్షాలు మొదలయ్యాక మరపడవలు మళ్లీ బయలుదేరుతాయి. అప్పటి నుంచి చలికాలం చివరి దాకా ఎంపిక విశాలంగా ఉంటుంది.

ఇక ఏ చేప ఎవరికి అన్నది. ఇక్కడివారు కోనాం అని కూడా పిలిచే వంజరానికి నడుమ ముల్లు తప్ప చిన్న ముళ్లు తక్కువ. పిల్లలకు, చేప తినడం కొత్తగా అలవాటు చేసుకుంటున్నవారికి దాని వేపుడు తగినది. చందువ మాంసం మెత్తన, రుచి సున్నితం, అందువల్ల మసాలా దట్టంగా పట్టించే చోట దాన్ని తీసుకోవడం వృథా. పండుగప్ప ముక్క గట్టిగా ఉండి పులుసులో విడిపోదు. కానాగంతలకు వాసన ఎక్కువ, కానీ చింతపండు పులుసులో దానికి సాటి వచ్చేది లేదని నా అభిప్రాయం. ముళ్లు తీసుకుంటూ తినే ఓపిక ఉన్నవారు కవళ్లు అడగాలి. నెత్తళ్ల వేపుడు దొరికితే మరేమీ ఆలోచించకుండా తీసుకోండి, చారన్నంలో నంజుకోవడానికి అంతకు మించినది లేదు. పీతల ఇగురు తినడానికి సమయం కావాలి, దాన్ని తొందరలో ఉన్న పూట పెట్టుకోకూడదు.

తెల్లవారుజామున లేవగలిగినవారు ఒక ఉదయాన్ని ఫిషింగ్ హార్బర్‌కు ఇవ్వవచ్చు. పడవలు సరుకు దించడం, వేలంపాట, గంపలకెత్తుకొని బయలుదేరే మహిళలు, మంచుగడ్డల చప్పుడు, ఇవన్నీ చూశాక మధ్యాహ్నం పళ్లెంలోని ముక్కకు విలువ తెలుస్తుంది. నేల తడిగా, జారుడుగా ఉంటుంది, వాసన తీవ్రం. పెద్దవారిని తీసుకుపోవద్దు, దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీయవద్దు. అది వారి పని వేళ.

## చేప తిననివారికి

శాకాహారులకు విశాఖ కష్టమైన ఊరు కాదు. ఉదయం పలహారమే ఈ ఊరి బలం. ద్వారకానగర్‌లోని సాయిరామ్ పార్లర్ వంటి చోట్ల ఇడ్లీ, పెసరట్టు ఉప్మా తినడానికి జనం నిలబడి ఎదురుచూస్తారు. వీధి బండ్ల దగ్గర పూరీతోనూ, ఇడ్లీతోనూ శనగపిండితో చేసే బొంబాయి చట్నీ పోస్తారు. కొబ్బరి చట్నీ మాత్రమే ఎరిగినవారు దాన్ని ఒకసారి రుచి చూడాలి. మధ్యాహ్నానికి ఆకులో వడ్డించే భోజనం కావాలంటే జగదాంబ కూడలి పరిసరాల్లో దసపల్లా హోటలు మొదలుకొని చాలా ఉన్నాయి. ఉత్తరాంధ్ర వంటలో కారం పక్కన బెల్లపు తీపి, ఆవఘాటు కనిపిస్తాయి. కృష్ణా, గుంటూరు భోజనానికి అలవాటుపడినవారికి మొదటి ముద్ద కొంచెం వింతగా ఉన్నా రెండవ ముద్దకు అర్థమవుతుంది.

బిర్యానీ కావాలనేవారికి జగదాంబ దగ్గరి ఆల్ఫా ఊరంతా ఎరిగిన పేరు. అయినా రెండే మధ్యాహ్నాలు ఉన్నప్పుడు ఒకదాన్ని బిర్యానీకి ఇవ్వడం నాకు సమ్మతం కాదు, అది మరో పది ఊళ్లలో దొరుకుతుంది.

సాయంత్రం ఆర్కే బీచ్ చిరుతిండిలో మరమరాలతో కలిపే మురీ మిక్చర్, మసాలా కూరిన టమాటా బజ్జీ, కాల్చిన మొక్కజొన్న కంకి మంచివి. కంటి ముందు నూనెలోంచి తీసినది, కంటి ముందు కలిపినది తినండి. బీచ్‌లో గాజు పెట్టెలో పేర్చి పెట్టిన వేపిన చేపలు, పీతలు చూడడానికి నోరూరించినా, ఎప్పటివో తెలియదు కనుక చిన్నపిల్లలకు పెట్టకండి.

## ఏం తాగాలి

ఎండలో తిరిగేవారికి కొబ్బరి బొండానికి మించిన ఎంపిక లేదు. చెరకు రసం మంచు లేకుండా అడిగితే మేలు. అనకాపల్లి బెల్లం పుట్టే నేల పక్కనే ఉన్నాం కనుక చెరకుకు కొరత లేదు. ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్కన తాటి ముంజలు దొరుకుతాయి.

కాఫీ విషయంలో రెండు దారులు ఉన్నాయి. పలహారశాలలోని ఫిల్టర్ కాఫీలో చికోరీ కలుస్తుంది, పాలతో చిక్కగా, చేదుగా ఉంటుంది, ఇడ్లీ తరువాత అదే బాగుంటుంది. అరకు కాఫీ వేరు. తూర్పు కనుమల్లో ఆదివాసీ రైతులు చెట్ల నీడన పండించే అరబికా అది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. పాలు, పంచదార లేకుండా తాగితేనే దాని పుల్లని పరిమళం తెలుస్తుంది. రెండింటినీ పోల్చి ఒకటి గొప్పదని తేల్చడం కన్నా, ఉదయం మొదటిదాన్ని, సాయంత్రం రెండవదాన్ని తాగడం సరైన పద్ధతి.

మద్యం తీసుకునేవారు బీచ్ రోడ్డు మీది పెద్ద హోటళ్లలోనో, సిరిపురం వైపు బార్లలోనో కూర్చోవాలి. ఇసుకలో సీసాలు తెరవడం నేరం, పగిలిన గాజు మరుసటి ఉదయం ఎవరి పాదంలోనో దిగుతుంది. తాగినవారు సముద్రంలోకి దిగకూడదు. ఈ మాటను మీ బృందంలో ఒకరు బాధ్యతగా పట్టుకోవాలి.

## ఎవరికి ఏ జత

పెద్దవారితో వచ్చినవారు మొదటి ఉదయం సింహాచలం వెళ్లండి. వరాహ లక్ష్మీనరసింహుని నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే లభిస్తుంది, మిగతా ఏడాదంతా స్వామి చందనపు పూతలోనే ఉంటాడు. శ్రీకృష్ణదేవరాయలు వచ్చి శాసనాలు వేయించిన గుడి అది. దిగేటప్పుడు కాలం కలిసివస్తే కొండ అనాసపళ్లు, సంపెంగలు దొరుకుతాయి. ఆ సాయంత్రం ఆర్కే బీచ్, మరునాడు సాయంత్రం కైలాసగిరి చాలు, మధ్యలో విశ్రాంతి తీసుకోనివ్వండి.

చిన్నపిల్లలు ఉంటే మొదటి రోజు ఉదయం రుషికొండ, సాయంత్రం జలాంతర్గామి, రెండవ రోజు ఉదయం జూ, సాయంత్రం కైలాసగిరి. యువకుల బృందాలు, దంపతులు ఒక రోజు భీమిలి దారికి పూర్తిగా ఇచ్చి, రెండవ రోజు తెల్లవారుజామున హార్బర్, ఉదయం పాత ఊరు, మధ్యాహ్నం తరువాత యారాడ పెట్టుకోవచ్చు. ఒంటరిగా వచ్చినవారికి పాత ఊరు, 900కె బస్సు రెండూ మంచి తోడు.

అరకు గురించి అందరూ అడుగుతారు. అరకు వంద కిలోమీటర్లకు పైగా దూరం. సొరంగాల మీద సొరంగాలు దాటుతూ వెళ్లే కిరండూల్ రైలు, బొర్రా గుహలు, లోయ, ఇవన్నీ చూడదగినవే, 2017 నుంచి అద్దాల బోగీ కూడా ఉంది. కానీ దానికి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఒక రోజు పూర్తిగా పోతుంది. రెండు రోజుల్లో ఒకదాన్ని అరకుకు ఇస్తే విశాఖను చూసినట్టు కాదు, అలసటలో అరకునూ చూసినట్టు కాదు. మూడవ రోజు ఉంటేనే బయలుదేరండి, వీలైతే రాత్రికి అక్కడే ఆగండి.

తిరుగు ప్రయాణానికి ముందు గంట సమయం మిగిలితే ఇంటికి రెండు వస్తువులు తీసుకువెళ్లవచ్చు. ఒకటి గోధుమపాలతో, నెయ్యితో చేసే మాడుగుల హల్వా. పెట్టెలో భద్రంగా ఉంచితే చాలా రోజులు నిలుస్తుంది. రెండవది గిరిజన సహకార సంస్థ దుకాణంలో దొరికే అరకు కాఫీ పొడి. వీలైతే అక్కడే అడవి తేనె సీసా కూడా తీసుకోండి. రైలులో వెళ్లేవారు సీసా మూతకు గుడ్డ చుట్టి, సంచిలో నిలువుగా పెట్టుకోవాలి.